చెప్పిన గుర్రం, చేతికొచ్చిన గుర్రం: తప్పుడు వర్ణనతో జరిగిన అమ్మకంలో గడువు ప్రశ్న

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో గుర్రాలకు కొదవ లేదు. బేరం కుదిరే వేళకే చచ్చిపోయి ఉన్న గుర్రం 20వ సెక్షన్ ఉదాహరణల్లో ఉంది. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు ఇస్తానన్న మనిషి 25వ సెక్షన్‌లో ఉన్నాడు. ధర ఐదువందలో వెయ్యో తేలని తెల్లగుర్రం 29వ సెక్షన్‌లో ఉంది. వీటిలో గుర్రం కొని మోసపోయినవాడికి నేటికీ అక్కరకొచ్చేవి మోసాన్ని నిర్వచించే 17వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు. గుర్రానికి లోపం ఉందని తెలిసీ వేలంలో నోరు మెదపకుండా అమ్మినవాడు మోసగాడు కాడు. అదే గుర్రాన్ని అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురికి అమ్మితే మాత్రం నిజం చెప్పి తీరాలి. ఇక మూడో ఉదాహరణలో, నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే లెక్కవేసుకుంటానని కొనేవాడు ముందే అంటాడు, అమ్మేవాడు ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడం మాట ఇచ్చినట్టే అంటుంది చట్టం. అడగనివాడికి రక్షణ తక్కువ, అడిగినవాడికి ఎక్కువ అన్న ఈ సూత్రం బేరం కుదిరే దాకా బాగానే దారి చూపుతుంది. గుర్రం ఇంటికొచ్చాక, చెప్పినదొకటి వచ్చినదొకటి అని తెలిశాక, దాన్ని ఎన్నాళ్ళలోగా తిప్పి పంపవచ్చు అన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో ఉన్న జవాబు కూడా రెండే మాటలు: ‘సహేతుకమైన కాలం’. ఆ కాలాన్ని అమ్మకం తేదీనుంచి గుడ్డిగా లెక్కకట్టకుండా, దాచిన లోపం మామూలు వాడకంలో బయటపడడానికి ఎంత వ్యవధి పడుతుందో దాన్నిబట్టి కొలవాలన్నది ఈ వ్యాసం వాదన.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణంలో క్రయవిక్రయాలను రద్దు చేసుకోవడం గురించి ఒక అధ్యాయం ఉంది. అక్కడ మామూలు సరుకు విషయంలో మనసు మార్చుకోవడానికి వర్తకులకు ఒక రాత్రి, సేద్యగాళ్ళకు మూడు రాత్రులు, పశుపాలకులకు అయిదు రాత్రులు గడువు. రోగంతో ఉన్న జంతువును ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నదని చెప్పి అమ్మితే పన్నెండు పణాల జరిమానా. ఆ వెంటనే, నాలుగు కాళ్ళ జంతువును మూడు పక్షాల దాకా, అంటే నలభై అయిదు రోజుల దాకా, తిప్పి ఇవ్వవచ్చన్న నియమం. దానికి చెప్పిన కారణం గమనించదగ్గది: మంచిచెడ్డలు తెలుసుకోవడానికి అంత కాలం సరిపోతుంది గనక. యాజ్ఞవల్క్య స్మృతి బరువులు మోసే జంతువును పరీక్షించుకోవడానికి అయిదు రోజులే ఇచ్చింది, పాడిపశువుకు మూడు, విత్తనాలకు పది. పైకి ఇవి ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. నా దృష్టిలో రెండూ వేర్వేరు సందర్భాలు. యాజ్ఞవల్క్యుడిది కొన్నవాడు సరుకును పరీక్షించి చూసుకునే వ్యవధి. కౌటిల్యుడిది అమ్మినవాడు అబద్ధమాడినప్పుడు ఆ అబద్ధం బయటపడే వ్యవధి. రెండోది తొమ్మిది రెట్లు పొడవు కావడంలో వింతేమీ లేదు. యాజ్ఞవల్క్య స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను తిక్కన శిష్యుడు కేతన 13వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి శాసనంలో ఏనుగులూ గుర్రాలూ తెచ్చే ఓడవర్తకులకు అభయమిచ్చిన శతాబ్దం కూడా అదే. గుర్రం బేరం ఆనాటి తెలుగు నేల మీద పొట్టపోసుకునే పనీ, రాచకార్యమూ రెండూ. రోములో సంతల మీద అధికారం ఉన్న ఈడైల్ అనే అధికారుల శాసనం సైతం ఇదే బాట పట్టింది: లోపం చెప్పకుండా జంతువును అమ్మితే ఆరు నెలల్లోగా తిప్పి ఇవ్వవచ్చు, ఉంచుకుని ధర తగ్గించమని అడగాలంటే ఏడాది.

గుర్రంలో లోపాలు ఒకే వేగంతో బయటపడవు. వయసు విషయమే చూద్దాం. అయిదేళ్ళకు గుర్రానికి పళ్ళన్నీ వస్తాయి. కింది దవడ ముందుపళ్ళ మీద ఉండే నల్లటి గుంటలు ఆరేళ్ళనుంచి మధ్యపళ్ళతో మొదలై ఎనిమిదేళ్ళకల్లా దాదాపు అరిగిపోతాయి. పదేళ్ళ ప్రాంతంలో పై దవడ మూలపంటి మీద, చిగురు దగ్గర సన్నటి గాడి ఒకటి మొదలై, పదిహేనేళ్ళకు సగం దాకా, ఇరవయ్యేళ్ళకు పంటి కొస దాకా దిగుతుంది. ముసలి గుర్రాన్ని పడుచుదిగా చూపదలచిన దళారి అరిగిన పంటిని తొలిచి, ఆ గుంటను కాల్చో మందుపూసో నల్లబరుస్తాడు. అసలు గుంట చుట్టూ తెల్లటి ఎనామెల్ వలయం ఉంటుంది. తొలిచిన గుంట చుట్టూ అది ఉండదు. పైపంటి గాడిని దాచడం కూడా అతనికి తేలిక కాదు. తెలిసిన పశువైద్యుడు నోరు తెరిచి చూస్తే నిమిషాల్లో తేలిపోయే మోసం ఇది. నొప్పిమందు ఇచ్చి కుంటును దాచితే మందు ప్రభావం దిగడానికి కొన్ని రోజులు పడుతుంది. తొట్టి అంచు కొరుకుతూ గాలి మింగే అలవాటు ఒకటి రెండు రోజుల్లో పాకలోనే కనిపిస్తుంది. ఉండుండి వచ్చే కంటివాపు మాత్రం తగ్గినప్పుడు ఏమీ లేనట్టే ఉండి, వారాలో నెలలో గడిచాక మళ్ళీ తిరగబెడుతుంది. చూలుతో ఉందన్న ఆడగుర్రం సంగతి స్కాన్ తీయిస్తే ముందే తెలుస్తుంది. తీయించకపోతే పదకొండు నెలల గర్భకాలంలో ఎప్పుడో తేలుతుంది. వంశావళి తప్పయితే రక్తంతోనో వెంట్రుకతోనో డీఎన్ఏ పరీక్ష చేయించే దాకా ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. 2022 ఏప్రిల్‌లో పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లా సునామ్‌నుంచి వచ్చిన ఫిర్యాదు దేశమంతా వార్త అయింది: ఇరవై రెండు లక్షల పైచిలుకు పెట్టి కొన్న నల్ల మార్వాడీ గుర్రానికి స్నానం చేయిస్తే రంగు కారిపోయి, కింద ఎర్రగోధుమ రంగు నాటు గుర్రం తేలిందని కొన్నాయన పోలీసులకు చెప్పాడు. నవ్వుకోవడానికి బాగున్నా, ఆ ఫిర్యాదులో చట్టానికి సంబంధించిన విషయం రెండు పాళ్ళు. రంగు ఒకటి, జాతి ఒకటి. రంగు మొదటి నీళ్ళతోనే పోతుంది. మార్వాడీ జాతికి గుర్తు రంగు కాదు. లోపలికి వంగి కొసలు కలుసుకునేట్టుండే చెవులు. ఆ చెవులు బేరం నాడే కళ్ళముందుంటాయి. ఒకే గుర్రంలో ఒక అబద్ధానికి ఒక గడువు, ఇంకో అబద్ధానికి ఇంకో గడువు ఎందుకు ఉండాలో ఇక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు 1930 చట్టం. వర్ణన మీద జరిగిన అమ్మకంలో సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది 15వ సెక్షన్ ప్రకారం ప్రధాన షరతు. అది తప్పితే కొన్నవాడు సరుకును తిరస్కరించవచ్చు. అయితే 13వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో ఒక మెలిక ఉంది: సరుకును స్వీకరించాక ప్రధాన షరతు కాస్తా హామీగా దిగజారుతుంది, అప్పుడిక నష్టపరిహారమే మిగులుతుంది. 1963కు ముందు ఈ మెలిక ఇంకా బిగుసుగా ఉండేది. ఫలానా వస్తువేనని గుర్తించి కొన్నప్పుడు, దాని మీద యాజమాన్యం కొన్నవాడికి దాఖలు పడగానే తిరస్కరించే హక్కు పోయేది. గుర్రం ఎప్పుడూ ‘ఫలానా’ గుర్రమే; బియ్యంలా బస్తాల లెక్కన ఎవరూ కొనరు. అంటే ఆనాటి కొనుగోలుదారుకు తిప్పి పంపే హక్కు కాగితం మీదే. 1963లో 33వ నంబరు సవరణ చట్టం ఆ మాటలను తీసేసింది. దానితో బరువంతా ‘స్వీకరణ’ మీదికి వచ్చింది. ముందుగా చూడని సరుకును పరీక్షించే అవకాశం వచ్చేదాకా స్వీకరించినట్టు కాదని 41వ సెక్షన్ కాపాడుతుంది గానీ, గుర్రాన్ని చూడకుండా కొనేవాళ్ళు అరుదు. కాబట్టి గుర్రం కొన్నవాడి గతి 42వ సెక్షనే. స్వీకరించానని చెప్పినా, అమ్మినవాడి యాజమాన్యానికి పొసగని పని చేసినా, తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సహేతుకమైన కాలం దాటి ఉంచుకున్నా స్వీకరణే. మూడో పాయలోని కాలాన్ని అమ్మకం నాటినుంచి బండగా లెక్కిస్తే, ఎంత తెలివిగా దాచితే అమ్మినవాడికి అంత లాభం. సవరణ తెరిచిన తలుపును అన్వయంతో మళ్ళీ మూసినట్టవుతుంది.

దీనికి మొదటి అభ్యంతరం పాతదే: కళ్ళుండి చూసి కొన్నాడు కదా, జాగ్రత్త అతనిదే. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ మినహాయింపు కూడా ఆ వైపే ఉన్నట్టు కనిపిస్తుంది; మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగినవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోలేడంటుంది. కానీ ఆ మినహాయింపు పరిధిలోకి వచ్చేవి తెలియక చేసిన తప్పుడు ప్రకటన, మోసపు మౌనం. రంగు పూయడం, పన్ను తొలచడం, సూది వేసి కుంటు దాచడం అలాంటివి కావు. 17వ సెక్షన్‌లో విడిగా చెప్పిన ‘చురుగ్గా కప్పిపుచ్చడం’ కిందికి వస్తాయి. అబద్ధాన్ని పసిగట్టలేకపోయావని కొన్నవాడిని నిందించే హక్కు అబద్ధం చెప్పినవాడికి ఉండదు. పైగా చూడ్డానికి సిద్ధపడ్డవాణ్ణి అమ్మినవాడే ఆపిన సందర్భాలు కేసుల్లో ఉన్నాయి. 1854 నాటి హాప్కిన్స్ వర్సెస్ టాంకరేలో, వేలానికి ముందురోజు కాళ్ళు తడిమి చూస్తున్నవాడితో అమ్మకందారు, వెతకనక్కర్లేదు, గుర్రం అన్నివిధాలా బాగుందన్నాడు. కోర్టు అది హామీ కాదంది. హామీల్లేకుండా అమ్మే వేలం అది. దాదాపు అరవయ్యేళ్ళ తరవాత, షావెల్ వర్సెస్ రీడ్ అనే ఐరిష్ కేసులో దాదాపు అవే మాటలు విని, చూడడం మానేసి, సంతతి కోసం గుర్రాన్ని కొన్నవాడికి ప్రభువుల సభ హామీ ఉందని తేల్చింది. మాటలు దాదాపు ఒకటే, ఫలితాలు రెండు. తేడా సందర్భంలో ఉంది: వేలంలో అందరికీ ఒకే షరతులు, ముఖాముఖి బేరంలో ఆ మాటే బేరానికి ఆధారం. సంతలో గుర్రం కొనేవాడు అడిగి చెప్పించుకున్న మాటను రసీదు మీద రాయించుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

రెండో అభ్యంతరం బలమైనది. గుర్రం ప్రాణమున్న సరుకు. రోజు రోజుకూ మారుతుంది. కొన్నవాడి పాకలో మేత తేడా చేసో, చెడ్డ లాడం వేయించో, రాళ్ళబాటన దౌడు తీయించో కుంటు తెప్పించి, ముందే ఉందని చెప్పడని నమ్మకమేమిటి? అందుకే రోజుల లెక్క పక్కాగా ఉండాలంటారు. ఆ దారిన జర్మనీ నడిచి చూసింది. 1899 నాటి సామ్రాజ్య శాసనం గుర్రాలకు ఆరు ప్రధాన లోపాలను పేర్కొని పద్నాలుగు రోజుల గడువు పెట్టింది. జాబితాలో లేని లోపానికి ప్రత్యేకంగా మాట ఇచ్చి ఉంటే తప్ప దిక్కు లేదు. శతాబ్దం నడిచి, 2002 సంస్కరణలతో ఆ పద్ధతే రద్దయింది. జబ్బుల పేర్లు, నిర్ధారణ పద్ధతులు మారుతున్నకొద్దీ జాబితా పాతబడుతుంది; పక్కాతనానికి అది చెల్లించిన మూల్యం. అమ్మినవాడి భయానికి మందు గడువు కుదించడం కాదు, రుజువు భారం. అమ్మిన నాటికే లోపం ఉందని చూపాల్సింది కొన్నవాడు. బేరం రోజున రెండు పక్షాల ఎదుటా రక్తం తీసి సీలువేసి భద్రపరిస్తే, నొప్పిమందు గొడవ తరవాత లాబొరేటరీలో తేలిపోతుంది. బ్రిటన్‌లో కొనుగోలుకు ముందు పరీక్ష చేసే పశువైద్యులు ఇదే చేస్తారు. మధ్యలో గాయమైనంత మాత్రాన హక్కు పోదని 1871లోనే హెడ్ వర్సెస్ టాటర్‌సాల్ చెప్పింది: బైసెస్టర్ వేటకుక్కల వెంట వేటాడిందని చెప్పి అమ్మిన గుర్రం, కొన్నవాడి తప్పు లేకుండా గాయపడ్డా, ఒప్పుకున్న గడువులో తిప్పి ఇవ్వవచ్చు.

గడువును ఇలా సాగదీసి చూస్తే కొన్నవాడి మీద ఒక కఠినమైన బాధ్యత పడుతుంది: లోపం తెలిసిన క్షణంనుంచి గడియారం వేగంగా తిరుగుతుంది. అనుమానం వచ్చిననాడే గుర్రాన్ని పనిలోంచి తప్పించాలి. పశువైద్యుడి చేత రాతపూర్వకంగా తేదీతో నివేదిక, మైక్రోచిప్ ఉంటే దాని నంబరు, పళ్ళూ సుడులూ మచ్చలూ కనిపించే ఫొటోలు తీసి పెట్టుకోవాలి. అమ్మినవాడికి తిరస్కరిస్తున్నానని రాసి పంపాలి. ఫోనులో తిట్టుకోవడం నోటీసు కాదు. సర్దుకుందాంలే అని పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిచ్చినా, దాటించినా, ఇంకొకరికి బేరం పెట్టినా యాజమాన్యం చలాయించినట్టే, తిరస్కారం గల్లంతే. తిరస్కరించాక గుర్రాన్ని తోలుకెళ్ళి అతని గుమ్మంలో కట్టనక్కర్లేదు. చెబితే చాలునని 43వ సెక్షన్ అంటుంది. గ్లాండర్స్ అనుమానం ఉంటే అసలు కదిలించనే కూడదు. అది మనుషులకూ సోకే జబ్బు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం కింద అధికారులకు చెప్పి తీరాలి. నిర్ధారణలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానిది ముఖ్యపాత్ర. జబ్బు తేలితే గుర్రాన్ని చంపేస్తారు గనక వాపసు ప్రశ్నే మిగలదు, డబ్బు ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఆ డబ్బును ఏ తేదీ విలువతో కొలవాలన్న చోట కూడా ఈ వాదన నిలుస్తుంది. మామూలు సూత్రం అమ్మిన రోజు ధర, ఆ రోజు అసలు విలువల మధ్య తేడా. నాటన్ వర్సెస్ ఓ’కాలఘన్‌లో 1981లో న్యూమార్కెట్‌లో 26,000 గినీలకు కొన్న రేసుగుర్రం వంశావళి తప్పని రెండేళ్ళకు గాని తెలియలేదు. అమ్మిన రోజున అసలు వంశంతో కూడా దాని ధర అంతకు పెద్దగా తగ్గేది కాదు. నిజం తెలిసేసరికి, పందేల్లో నెగ్గని ఆ గుర్రం విలువ 1,500 పౌండ్లకు పడిపోయింది. 1990లో ఇంగ్లండ్ హైకోర్టు పెద్ద తేడానే ఇప్పించింది. ఇది కొన్న గుర్రమే కాదని ముందే తెలిసి ఉంటే కొన్నవాడు అన్నాళ్ళు ఉంచుకునేవాడే కాదన్నది దాని తర్కం. ఆ మధ్యకాలపు మేత, శిక్షణ ఖర్చులు కూడా లెక్కలోకి వచ్చాయి. మన దగ్గర తిరస్కరించిన తరవాతి మేత ఖర్చుకు విడిగా ఒక దారి ఉంది: అప్పటినుంచి గుర్రం అమ్మినవాడిదే, కొన్నవాడు దాన్ని అతని తరఫున ఊరికే కాపాడుతున్నాడు. జీతం పుచ్చుకోకుండా ఇతరుల సొత్తు చూసుకునేవాడికి అవసరమైన ఖర్చులు ఇవ్వాలన్న కాంట్రాక్టు చట్టం 158వ సెక్షన్‌ను ఇక్కడికి అన్వయించమని అడగవచ్చు. గడ్డి, దాణా, లాడాలు, డాక్టరు బిల్లు: నోటీసు తేదీనుంచి రసీదులు దాచుకున్నవాడికే ఆ అడిగే అవకాశం.