కరువు పని నుంచి ఉపాధి హామీ దాకా: మన కూలి కథ



ప్రతి ఏడాదీ మన సమాఖ్య నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాస్తాం. ఈసారి ఇంకో లెక్క కూడా రాయాలని సమావేశంలో అనుకున్నాం. అది మన కూలి లెక్క. మన సంఘాల్లో కట్టే పొదుపు ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కువ భాగం మన రెక్కల కష్టం నుంచే. ఆ కష్టానికి అవ్వల కాలంలో ఏం ఇచ్చేవాళ్లు, అమ్మల కాలంలో ఏం ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ఏం వస్తోంది అని ఊర్లో పెద్దవాళ్లను అడిగాం. శిక్షణల్లో విన్నదీ, చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. మేము చదివింది పదో తరగతే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ పేరు ఎక్కడిది?

మన అనంతపురం పల్లెల్లో ఉపాధి హామీ పనిని ఇప్పటికీ చాలామంది "కరువు పని" అనే అంటారు. వానలు బాగా పడి చెరువు నిండిన ఏడాది కూడా "కరువు పనికి పోతున్నాం" అంటాం. ఆ మాట వెనక పెద్ద కథ ఉంది.

1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా పెద్ద కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. అప్పటికి మనకు అనంతపురం జిల్లా లేదు. మనం బళ్లారి జిల్లాలో ఉండేవాళ్లం. 1882లో మన జిల్లా వేరే అయింది. ఆ కరువులో దేశం మొత్తం మీద 50 లక్షల మందికి పైగా చనిపోయారు. బ్రిటిష్ ప్రభుత్వం చెరువు కట్టలు, రోడ్లు, కాలువల పనులు పెట్టింది. మద్రాసులో ఉన్న బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్విందే.

కూలి ఎంత ఇచ్చారో తెలుసా? 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర ఒక లెక్క పెట్టాడు. రోజంతా మట్టి మోసిన మగమనిషికి సుమారు 450 గ్రాముల గింజలు, ఒక అణా. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకంటే తక్కువ. ఆ తిండితో మనిషి పని చేయలేడు, కనీసం 680 గ్రాములైనా ఇవ్వాలని మద్రాసులో ఆరోగ్య శాఖ చూసే కార్నిష్ అనే డాక్టరు వాదించాడు. తర్వాత కొంచెం పెంచారు గానీ ఆయన అడిగినంత పెంచలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పని ఊరికి దూరంగా పెట్టాలి, కూలి తక్కువగా ఉండాలి, అప్పుడు నిజంగా గతిలేనివాళ్లు మాత్రమే వస్తారు అని వాళ్ల ఆలోచన. అంటే కరువు పని మన హక్కు కాదు. చావకుండా ఉండడానికి సర్కారు పెట్టిన పరీక్ష. పని పెట్టడం వాళ్ల ఇష్టం, ఆపడం కూడా వాళ్ల ఇష్టం. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ప్రాంతంలో రాయలసీమలో మళ్లీ కరువు వచ్చినప్పుడు గంజి కేంద్రాలు పెట్టారు. గిన్నె పట్టుకుని వరుసలో నిలబడిన వాళ్ల పిల్లలు, మనవరాళ్లే ఈ రోజు మన సంఘాల్లో ఉన్నారు.

అవ్వల కాలం

మా ఊర్లో ముసలి అవ్వలను అడిగితే, వాళ్ల చిన్నతనంలో కూలి డబ్బు రూపంలో తక్కువ, గింజల రూపంలో ఎక్కువ అని చెప్పారు. కొర్రలు, జొన్నలు, సజ్జలు కొలిచి కొంగులో పోసేవాళ్లు. మగవాళ్లకు ఒక కొలత, ఆడవాళ్లకు ఇంకో కొలత. ఎందుకని ఎవరూ అడగలేదు. "మడక పట్టేది మగోడు కదా" అనేవాళ్లు. కలుపు తీసేది, నాటేది, కోసేది, చెరిగేది మనమే అయినా అది తేలిక పని కింద లెక్క.

అప్పు తీసుకున్న ఇంటి మగపిల్లలు పెద్ద రైతుల దగ్గర జీతానికి ఉండేవాళ్లు. ఏడాదికి ఇంత అని మాట్లాడుకునేది. ఆ డబ్బు అప్పు కిందికే పోయేది. మళ్లీ అప్పు, మళ్లీ జీతం. ఇంట్లో ఒకరు జీతానికి ఉంటే ఆడవాళ్లు కూడా ఆ ఇంటి పేడ ఎత్తాల్సిందే, గొడ్ల పాక ఊడ్చాల్సిందే. దానికి వేరే కూలి లేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. 1976లో రెండు పెద్ద చట్టాలు వచ్చాయి. ఒకటి వెట్టి చాకిరీ రద్దు చట్టం. అప్పు కోసం మనిషిని కట్టేసుకోకూడదని, అట్లాంటి అప్పులు చెల్లవని అందులో ఉంది. రెండోది సమాన వేతన చట్టం. ఒకే రకం పనికి ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే కూలి ఇవ్వాలని ఉంది. కానీ చట్టం పట్నంలో కాగితం మీద ఉంది. కొలత మాత్రం ఊర్లో రైతు చేతిలో ఉంది. మా అమ్మ వాళ్లకు ఈ చట్టాల పేర్లు కూడా తెలియవు.

శనక్కాయ కాలం

మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. అది కూడా ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ఈ నేలల్లో కొర్ర, జొన్న, కంది కలిపి వేసుకునే రోజులు పోయి, మెల్లమెల్లగా శనక్కాయ ఒక్కటే పంట అయింది. చేతికి డబ్బు వస్తుందని అందరం దాని వెంట పడ్డాం.

శనక్కాయలో ఆడవాళ్లకు పని బాగానే ఉండేది. విత్తనం కాయలు ఒలిచేది, విత్తేది, కలుపు తీసేది, చెట్టు పీకేది, కాయ కోసేది. వేళ్ల గోర్లు అరిగిపోయేవి. కానీ ఆ పని ఏడాదిలో కొన్ని నెలలే. వాన ఎగ్గొడితే అది కూడా లేదు. పంట పోయిన ఏడాది చిన్న రైతూ కూలీ అయిపోయేవాడు. అందరూ కూలికి దిగితే కూలి ఇచ్చేవాళ్లు ఎవరు?

అందుకే వలస. సుగ్గికని నీళ్లున్న ప్రాంతాలకు, బేల్దారి పనికని బెంగళూరికి పోయేది. ముసలివాళ్లనూ, బడికి పోయే పిల్లలనూ ఇంట్లో విడిచిపెట్టి, చంకలో పిల్లను మాత్రం వెంట తీసుకుపోయేది. మా వయసు వాళ్లలో చాలామంది బడి మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే. మేము పది దాకా చదవగలిగామంటే మా అవ్వ ఊర్లో ఉండి చూసుకున్నందుకే.

బండ్లపల్లిలో మొదలైంది

2005లో పార్లమెంటులో ఉపాధి హామీ చట్టం చేశారు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదటిసారి ఈ పథకాన్ని మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. ఇంత పెద్ద దేశంలో మన జిల్లా పల్లెను ఎంచుకున్నారంటే, మనం గొప్పవాళ్లమని కాదు, మన కరువు పెద్దదని.

ధాత కరువు పనితో ఈ చట్టాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు పని ఊరికి దూరంగా పెట్టారు. ఇప్పుడు 5 కిలోమీటర్ల లోపల ఇవ్వాలి, దాటితే 10 శాతం ఎక్కువ కూలి. అప్పుడు ఆడవాళ్లకు తక్కువ. ఇప్పుడు ఇద్దరికీ ఒకటే, పైగా పనిచేసేవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లు ఉండాలి. అప్పుడు సర్కారుకు ఇష్టమైతే పని. ఇప్పుడు మనం అడిగిన 15 రోజుల్లో పని చూపాలి, లేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. 2005 చట్టంలో కుటుంబానికి ఏడాదికి 100 రోజులు అని పెట్టారు. కాంట్రాక్టర్లు ఉండకూడదు. తాగే నీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలి. ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి.

మొదట్లో మన రాష్ట్రంలో రోజు కూలి 80 రూపాయలు. 2024-25లో 300 అయింది. 2025 ఏప్రిల్‌లో 307 చేశారు. కొలత ప్రకారం పని చేస్తేనే అంత వస్తుంది, అది మనకు తెలిసిందే. కందకాలు, సేద్యపు కుంటలు, చెరువు పూడిక, చీనీ మామిడి మొక్కల గుంతలు, ఇట్లా మన చేతుల మీద ఎన్నో పనులు అయ్యాయి.

క్యాలెండర్ మీద గీతలు

చట్టం వచ్చినంత మాత్రాన అన్నీ సక్రమంగా జరగలేదు. మా సంఘంలోని ఒక అక్క సంగతి చెప్తాం. ఆమెకు చదువు రాదు. పనికి పోయిన ప్రతి రోజూ ఇంట్లో గోడకున్న క్యాలెండర్ మీద బొగ్గుతో ఒక గీత గీసుకునేది. ఒక వారం ఆరు గీతలు ఉన్నాయి, డబ్బులు నాలుగు రోజులకే వచ్చాయి. అడిగితే "మస్టర్‌లో నాలుగే ఉంది" అన్నారు. అందరూ ఊరుకోమన్నారు. రెండు రోజుల కూలికి గొడవ ఎందుకని ఇంట్లో మగవాళ్లు కూడా అన్నారు.

ఆమె ఊరుకోలేదు. సామాజిక తనిఖీ గ్రామసభ జరిగిన రోజు ఆ క్యాలెండర్ గోడ మీద నుంచి తీసుకుని వచ్చింది. ఆమెతోపాటు పనిచేసిన మేమందరం లేచి "ఆ ఆరు రోజులూ మాతోనే ఉంది" అని చెప్పాం. రాసుకున్నారు. కొన్నాళ్లకు ఆ రెండు రోజుల డబ్బు వచ్చింది. డబ్బు కొంచెమే. కానీ ఆ రోజు నుంచి మా ఊర్లో ఆడవాళ్లు గ్రామసభలో వెనక గోడకు ఆనుకుని కూర్చోవడం మానేసి ముందుకొచ్చి కూర్చున్నారు.

మనలో మనకే వచ్చిన గొడవ

దాచకుండా ఇంకో సంగతి కూడా రాయాలి. కరువు పని వచ్చాక ఆడకూలీలు ఊర్లో కూలి పెంచమని అడగడం మొదలుపెట్టారు. "అక్కడ ఇద్దరికీ ఒకటే ఇస్తున్నారు, ఇక్కడ మాకు ఎందుకు తక్కువ?" అన్నారు. మన సంఘాల్లో రెండు మూడు ఎకరాల రైతుల ఇళ్ల ఆడవాళ్లు కూడా ఉన్నారు. "కాయ పీకే టైముకు కూలోళ్లు దొరకడం లేదు, దొరికినా అంత ఇస్తే మాకేం మిగులుతుంది?" అని వాళ్లు అన్నారు. ఒకే చాప మీద కూర్చున్న అక్కచెల్లెళ్లం రెండు పక్షాలయ్యాం. ఒక నెల పొదుపు మీటింగ్ సగంలోనే ఆగిపోయింది.

ఇద్దరిదీ నిజమే. కాకపోతే ఒక్కటి ఆలోచించాం. రైతుకు నష్టం వచ్చేది మన కూలి వల్లనా? వాన వల్ల, విత్తనం ధర వల్ల, కాయ అమ్మే రోజు రేటు పడిపోవడం వల్ల కూడా కాదా? వాటి మీద మన చేయి ఆనదు కాబట్టి, చేతికి అందే ఆడకూలి మీద తగ్గించడం ఎన్నో ఏళ్ల అలవాటు. చివరికి కోత రోజుల్లో ఉపాధి పనికి అర్జీ పెట్టకుండా, వేసవిలో ఎక్కువ రోజులు అడగాలని అనుకున్నాం. రైతు అక్కలు కూలి కొంత పెంచారు. మగవాళ్ల కూలితో ఇంకా సమానం కాలేదు. ఆ పని మిగిలే ఉంది.

ఇప్పుడు మన ముందున్నది

ఈ మధ్య మార్పులు చాలా వచ్చాయి. 2023 జనవరి నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫోటో తీసి హాజరు వేస్తున్నారు. 2024 జనవరి నుంచి ఆధార్ ముడిపెట్టిన ఖాతాలోకే కూలి వస్తోంది. సిగ్నల్ లేకపోతే హాజరు కష్టం, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉంటే డబ్బు కష్టం. డబ్బు ఆలస్యమైతే విసుగొచ్చి పిల్లలు బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. "అడిగినా రాదులే" అని కొందరు అక్కలు అర్జీ పెట్టడమే మానేశారు.

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. అడగడం మానేస్తే హక్కు మళ్లీ ధర్మం అయిపోతుంది. వాళ్లు పెడితే పని, పెట్టకపోతే లేదు అన్న ధాత కాలానికి మనమే మన కాళ్లతో నడిచి పోయినట్లు అవుతుంది. అందుకని ప్రతి సంఘమూ ఈ నాలుగు పనులు చేయాలని కోరుతున్నాం.

జాబ్ కార్డు మన ఇంట్లోనే, మన పెట్టెలోనే ఉండాలి. ఎవరి దగ్గరా వదలొద్దు.

పని అడిగేటప్పుడు నోటితో కాదు, కాగితం మీద అడగాలి. తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేకపోతే 15 రోజుల లెక్కకు, భృతికి ఆధారం ఉండదు.

పనికి పోయిన రోజులు సంఘం పుస్తకంలో పొదుపు పక్కనే రాయాలి. చదువు రానివాళ్లకు రాసిపెట్టేది లీడర్ల బాధ్యత.

గ్రామసభకు ఒక్కరు కాదు, సంఘమంతా పోవాలి. ఆ అక్కకు రెండు రోజుల కూలి తెచ్చింది క్యాలెండర్ ఒక్కటే కాదు, లేచి నిలబడిన మిగతావాళ్లు కూడా.

మా అవ్వ ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటుంది. మేము దిద్దడం లేదు, ఆమె చూసిన కరువు ఆమెకు తెలుసు. మన బిడ్డలకు మాత్రం ఇది సర్కారు దయ కాదని, అడిగి తెచ్చుకున్న పని అని చెప్పి పెంచుదాం. వచ్చే ఏడాది నివేదికలో ప్రతి సంఘం పొదుపు లెక్క పక్కన పని దినాల లెక్క కూడా ఉండాలని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాం.