నిండా ఉందని చెప్పే ముల్లు: ఒక పాత పికప్ ట్యాంకు కథ

మన ఫీల్డులో బగ్గులు రెండు రకాలు. ఒక లైను మారిస్తే పోయేవి కొన్ని. డిజైన్‌లోనే పుట్టినవి కొన్ని, వాటికి ఎన్ని ప్యాచ్‌లు వేసినా పైపైన సర్దుకోవడమే. ఈ రెండూ ఒకే పెట్రోలు ట్యాంకులో కాపురమున్న కథ ఇది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ బండిని ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు మీద చూసే ఉంటారు. డబ్బాలా పలకలు పలకలుగా ఉండే పాత షెవర్లే, జీఎంసీ పికప్. అక్కడివాళ్ళు ముద్దుగా "స్క్వేర్ బాడీ" అంటారు. 1972 దాకా ఈ పికప్‌లలో ట్యాంకు క్యాబిన్లోనే, సీటు వెనకాల ఉండేది. అంటే కుటుంబమంతా పెట్రోలుకి వీపు ఆనించి కూర్చున్నట్టే అన్నమాట. 1973 మోడల్‌తో జనరల్ మోటార్స్ దాన్ని బయటికి తెచ్చింది. ఛాసిస్ ఫ్రేముకి బయటవైపు, పక్క రేకుకి లోపలవైపు పెట్టింది. కావాలంటే రెండో పక్కన ఇంకోటి. గుర్రం మీద జీను సంచుల్లాగ! రెండూ కలిపి 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. రోజూ దూరాలు తిరిగే రైతుకి అంతకన్నా ఏం కావాలి?

ఇక మొదటి రకం బగ్గులు. ట్యాంకులో ఒక ఫ్లోట్ ఉంటుంది, అది పైకీ కిందకీ కదిలితే రెసిస్టెన్స్ మారుతుంది. జీఎం లెక్కలో ఖాళీ అంటే 0 ఓమ్‌లు, ఫుల్ అంటే 90. మరి ఎర్త్ వైరు తుప్పు పట్టి ఊడిపోతే? రెసిస్టెన్స్ అనంతం, ముల్లు ఫుల్ దాటి అక్కడే నిలబడిపోతుంది. ట్యాంకు ఎండిపోయినా సరే ముల్లు మాత్రం "ఢోకా లేదు" అంటుంది. అదే కాలంలో ఫోర్డ్ లెక్క తిరగేసి ఉండేది: ఖాళీకి ఎక్కువ ఓమ్‌లు, ఫుల్‌కి తక్కువ. అక్కడ వైరు తెగితే ఖాళీ అని చూపిస్తుంది. ఎర్రర్ వస్తే "సక్సెస్" అని రిటర్న్ చేసే ఫంక్షన్ మంచిదా, "ఫెయిల్" అనేది మంచిదా? మనకి వేరే చెప్పాలా :)

దీన్ని పట్టుకోవడం తేలిక. ట్యాంకు దగ్గర సెండర్ వైరు పీకి, తాళం తిప్పితే ముల్లు ఫుల్‌కి పోవాలి. ఆ వైరుని ఛాసిస్‌కి తాకిస్తే ఖాళీకి పడాలి. రెండూ జరిగితే గేజ్ మంచిదే, తప్పు సెండర్‌దో ఎర్త్‌దో. అలాగే పెట్రోలు పోస్తుంటే గన్ మాటిమాటికీ టక్కుమని ఆగిపోతోందంటే, ఫిల్లర్ పక్కనుండే సన్నటి గాలి గొట్టం మడత పడిందో మూసుకుపోయిందో చూడాలి. ఫిల్లర్‌ని ట్యాంకుకి కలిపే రబ్బరు గొట్టం బీటలు వారితే నింపినప్పుడల్లా వాసన, కారడం. అన్నీ చేతికందే చోటే ఉంటాయి. రెండు పట్టీలు విప్పితే ట్యాంకే దిగిపోతుంది. కానీ ఒక మాట, ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి పెట్రోలు కన్నా ప్రమాదం. నిప్పు, వెల్డింగు దరిదాపుల్లోకి రాకూడదు.

అసలు చిక్కంతా ఇక్కడే. చేతికి తేలిగ్గా అందే ట్యాంకు, పక్కనుంచి గుద్దే బండికి కూడా అంతే తేలిగ్గా అందుతుంది. మధ్యలో ఉన్నది ఒక రేకు మాత్రమే. గట్టి ఫ్రేము ట్యాంకుకి అవతలివైపు ఉంది కాబట్టి కాపాడకపోగా, ట్యాంకుని నలిపే దాగలిలా పనిచేస్తుంది.

వేరే దారి తెలియక చేశారా అంటే అదీ కాదు. అదే కంపెనీ, అవే ఏళ్ళు, అదే కుటుంబానికి చెందిన బ్లేజర్ బండిలో ట్యాంకు వెనకాల ఫ్రేము మధ్యలోనే ఉండేది. పికప్‌లో ట్యాంకు ఫ్రేము లోపలికి వచ్చింది 1988 కొత్త డిజైన్‌తో. ఈలోగా పక్క ట్యాంకులతో దాదాపు కోటి బళ్ళు అమ్ముడుపోయాయి.

1989లో జార్జియాలో ఇలాంటి ప్రమాదంలో ఒక 17 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. 1993 ఫిబ్రవరి 4న అట్లాంటా జ్యూరీ 10 కోట్ల డాలర్లకి పైగా పరిహారం చెప్పింది (తర్వాతి ఏడాది పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది). సరిగ్గా నాలుగు రోజులకి కథ అడ్డం తిరిగింది. అంతకు ముందు నవంబరులో ఎన్‌బీసీ వాళ్ళ డేట్‌లైన్ కార్యక్రమం ఈ పికప్‌ని గుద్దించి మంటలు చూపించింది. ఆ మంట కోసం బండి కింద బొమ్మ రాకెట్ల మోటార్లు కట్టారని, ట్యాంకు మూత కూడా సరిగ్గా పట్టేది కాదని జీఎం బయటపెట్టి కేసు వేసింది. మర్నాడే ఎన్‌బీసీ క్షమాపణ చెప్పింది. నిజాన్ని నిరూపించడానికి అబద్ధపు డెమో చేస్తే ఇంతే, జనానికి డెమోయే గుర్తుంటుంది. "ట్యాంకు సంగతంతా టీవీ వాళ్ళ కల్పన" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

కానీ ప్రభుత్వం లెక్క వేరే. 1994 అక్టోబరులో రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా ఈ డిజైన్‌లో లోపముందని ప్రాథమికంగా తేల్చారు. పక్కనుంచి గుద్దినప్పుడు లేచిన మంటల వల్లే పోయినవాళ్ళు సుమారు 150 మంది అన్నారు. మా బళ్ళు అప్పటి ప్రమాణాలన్నీ పాసయ్యాయన్నది జీఎం వాదన. చివరికి డిసెంబరులో రాజీ కుదిరింది. జీఎం రోడ్డు భద్రత కార్యక్రమాలకి 5 కోట్ల 10 లక్షల డాలర్ల పైచిలుకు ఇస్తుంది, రీకాల్ మాత్రం ఉండదు! ఓనర్లు వేసిన వేరే కేసులో ఇంకా విచిత్రం. కొత్త ట్రక్కు కొనుక్కోవడానికి వెయ్యి డాలర్ల కూపన్ ఇస్తామన్నారు. బగ్ సరిచెయ్యమంటే కొత్త వెర్షన్ మీద డిస్కౌంట్ ఇచ్చినట్టు. 1995లో అప్పీలు కోర్టు ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు.

ఈ పికప్‌లని ఇప్పటికీ ప్రేమగా బాగుచేసుకుని నడిపేవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరు పక్క ట్యాంకులు పీకేసి, వెనకాల ఫ్రేము మధ్యలో బ్లేజర్ ట్యాంకు బిగించుకుంటారు. దానికి ఫిల్లర్ దారి మార్చాలి, కొత్త గొట్టాలు వెయ్యాలి, వైరింగు సర్దాలి. కంపెనీ చెయ్యని రిపేరు యూజర్లు చేసుకుంటున్నారు, అదీ కంపెనీ సొంత డిజైన్‌తోనే!

ప్రమాణాలన్నీ పాసయ్యాయన్న కాగితం కూడా ఎర్త్ ఊడిన గేజ్ ముల్లు లాంటిదే. ఫుల్ అనే చూపిస్తుంది. మన టెస్ట్ రిపోర్టులో అన్నీ పచ్చగా ఉన్న రోజున, ఆ ముల్లు నిజంగా ట్యాంకుని చూస్తోందో, ఊరికే వైరు తెగి ఉందో ఒకసారి చూసుకోవడం మంచిది. ఏమంటారు?