ముడి కూడా శిల్పమే

నేతలో నిలువు పోగు పడుగు, అడ్డు పోగు పేక. వీటినే కన్నడంలో హాసు, హొక్కు అనీ, తమిళంలో పావు, ఊడై అనీ అంటారు. షోలాపూరులోనో సేలంలోనో మగ్గమున్న తెలుగు ఇళ్ళలో పుట్టినవారికి ఈ మాటలు బడికి పోకముందే తెలుస్తాయి. కాని కళాచరిత్ర చాలాకాలం నూలు పనిని ‘హస్తకళ’ అన్న గదిలోనే ఉంచింది. ‘లలితకళ’ అన్న గదిలో చిత్రానికీ శిల్పానికీ మాత్రమే చోటు. ఈ రెండు గదుల మధ్య గోడ ఎలా పలచబడిందో తెలుసుకోవడానికి మృణాళినీ ముఖర్జీ (1949–2015) కృషి మంచి ఉదాహరణ.

ఈ కథకు నాంది ఆమెకు ముందే ఉంది. 1956లో మొదలైన వీవర్స్ సర్వీస్ సెంటర్లు చిత్రకారులను నేతగాళ్ళ పక్కన కూర్చోబెట్టాయి. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ 1959–61 మధ్య అఖిల భారత చేనేత బోర్డులో పనిచేసి, తిరిగి బరోడా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. 1970–72లో ముఖర్జీ అక్కడ ఆయన వద్ద కుడ్యచిత్రకళ అభ్యసించారు. నారతో పని మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

ఆమె మగ్గం వాడలేదు. ముందుగా బొమ్మ గీసుకోలేదు. రంగువేసిన నార తాళ్ళను చేత్తో ముడి మీద ముడి వేస్తూ, అవసరమైనచోట లోపల లోహపు చట్రం ఆసరాగా నిలిపి, మనిషంత ఎత్తు ఆకృతులను పెంచారు. కొన్ని వేలాడతాయి, కొన్ని నేలమీద నిలబడతాయి. యక్షి (1984), పక్షి (1985), వనశ్రీ (1994) అలాంటివే. తాడు తన బరువుతో తానే మడతపడుతుంది. చూపుకు వస్త్రం, నిలకడకు శిల్పం. తాడు అల్లిక ఇంటిపనే కదా అనుకొని వచ్చినవారు కూడా ఈ దేవతామూర్తుల ముందు కాసేపు ఆగవలసి వస్తుంది.

2015 జనవరిలో ఢిల్లీ జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో ఆమె కృషిని సమగ్రంగా చూపే ప్రదర్శన మొదలైంది. వారం తిరగకుండానే ఆమె కన్నుమూశారు. 2019లో న్యూయార్కులోని మెట్ బ్రాయర్ కూడా ఆమె రచనలను ప్రదర్శించింది.

గోడ పలచబడింది గాని కూలలేదు. ముడి వేసిన కళాకారిణి పేరు ప్రదర్శనశాలలో ఫలకం మీద ఉంటుంది. పడుగూ పేకా కలిపిన మనిషి పేరు చీర అంచున మాత్రం ఉండదు. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మగ్గం పనిముట్ల పేర్లు పెద్దల నడిగి రాసుకోండి. ప్రతి మాట పక్కనా, దాన్ని చెప్పినవారి పేరు కూడా రాయండి.