సమృద్ధి సువార్త

విశ్వాసులు ఈ లోకంలోనే ఆరోగ్యంగా, ఐశ్వర్యంతో ఉండాలన్నది దేవుని చిత్తమని, విశ్వాసం, కానుకల ద్వారా ఆ దీవెన దక్కుతుందని చెప్పే క్రైస్తవ బోధను సమృద్ధి సువార్త (ప్రాస్పరిటీ గాస్పెల్) అంటారు. ఇది 20వ శతాబ్దపు అమెరికాలో రూపు దిద్దుకుంది. పెంతెకొస్తు, కరిస్మాటిక్ సంఘాల్లో ఎక్కువగా వినిపిస్తుంది. ఇందులో ముందు పుట్టింది ఆరోగ్య వాగ్దానం. ధన వాగ్దానం తర్వాత వచ్చి చేరింది.

ఆరంభం

క్రీస్తు సిలువపై పాపాలతోపాటు రోగాలనూ భరించాడని 19వ శతాబ్దం చివర అమెరికాలో ఏ.బి. సింప్సన్ వంటి బోధకులు ప్రకటించారు. యెషయా 53వ అధ్యాయం దీనికి ఆధారం. విశ్వాసంతో నోట పలికినది నెరవేరుతుందని ఇ.డబ్ల్యు. కెన్యన్ (1867–1948) బోధించారు. మనసులోని తలంపే రోగానికి మూలమనే 'న్యూ థాట్' భావాల ప్రభావం ఆయనపై ఎంత అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.

విత్తనం, పంట

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్వస్థత సభలతో పేరు పొందిన ఓరల్ రాబర్ట్స్ (1918–2009) ఈ బోధలోకి డబ్బును బలంగా తెచ్చారు. తన పరిచర్యకు ఇచ్చిన సొమ్ము ఏడాదిలోగా అనుకోని మార్గంలో తిరిగి రాకపోతే తానే వాపసు ఇస్తానని 1950లలో దాతలకు మాట ఇచ్చారు. తర్వాత కానుకను 'విత్తనం'గా వర్ణించారు: విత్తితేనే పంట. కెన్యన్ రచనలనుంచి ఎంతో స్వీకరించిన కెన్నెత్ హేగిన్ (1917–2003) 1974లో ఓక్లహోమాలో రీమా బైబిల్ శిక్షణ కేంద్రాన్ని స్థాపించి 'విశ్వాస వాక్కు' ఉద్యమాన్ని విస్తరించారు. టీవీ దాన్ని ఇంటింటికీ చేర్చింది. దక్షిణ కొరియాలో డేవిడ్ యోంగీ చో, నైజీరియాలో బెన్సన్ ఇదహోసా ఈ బోధకు స్థానిక రూపాలిచ్చారు; బ్రెజిల్‌లో ఎడిర్ మసేదో 1977లో స్థాపించిన సంఘమూ అదే చేసింది.

లేఖన వివాదం

దశమభాగం తెస్తే ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయన్న మలాకీ 3:10, ఉత్తరం అందుకున్న గాయు వర్ధిల్లాలని, ఆరోగ్యంగా ఉండాలని కోరే 3 యోహాను 2వ వచనం సమర్థకులకు ముఖ్యం. రెండోది ఆనాటి ఉత్తరాల్లో మామూలుగా రాసే క్షేమాకాంక్షేనని, సార్వత్రిక వాగ్దానం కాదని బైబిల్ పండితుడు గోర్డన్ ఫీ వాదించారు. నీతిమంతుడైన యోబు బాధలు, అపొస్తలుడు పౌలు శరీరంలోని ముల్లు, మిలేతులో రోగిగా మిగిలిన ఆయన సహచరుడు త్రోఫిము విమర్శకులు చూపే ఉదాహరణలు. స్వస్థత కలగకపోతే తప్పు రోగి విశ్వాసానిదేనని నింద పడుతుందన్నది మరో అభ్యంతరం.

2008, 2009లలో ఘనాలోని అక్రోపాంగ్‌లో సమావేశమైన, సువార్తిక క్రైస్తవుల అంతర్జాతీయ వేదిక లోజాన్ ఉద్యమపు ఆఫ్రికా వేదాంతులు దేవుని అద్భుత శక్తిని అంగీకరిస్తూనే, అది కానుకలకో పలుకులకో యాంత్రికంగా లోబడుతుందన్న బోధను తోసిపుచ్చారు. ఘోరమైన పేదరికం ఉన్నచోట చాలామందికి ఈ బోధే ఏకైక ఆశగా కనిపిస్తోందనీ గుర్తించారు.