వరంగల్ Vs బీదర్.. తొలిసారి ఏ ఊరికి వెళ్లాలి? నిజామాబాద్, బోధన్, సిరికొండ వాళ్లకు పూర్తి గైడ్

పండగ సెలవులు వచ్చాయి. గల్ఫ్ నుంచి ఇంటాయన నెల రోజుల లీవ్ మీద వచ్చాడు. పిల్లలు 'ఎక్కడికైనా పోదాం' అంటున్నారు. కోటలు, పాత కట్టడాలు ఉన్న ఊరు చూపిద్దామంటే నిజామాబాద్ జిల్లా వాళ్ల ముందు రెండు పేర్లు ఉంటాయి. తూర్పున కాకతీయుల వరంగల్. దక్షిణాన బహమనీల బీదర్. రెండూ ఒకప్పుడు రాజధానులే. రెండింటిలోనూ రోజంతా తిరిగినా తరగనంత చరిత్ర ఉంది. కానీ చేతిలో ఉన్న సెలవులు రెండే అయితే? బండి కిరాయి ఒక్కసారే పెట్టుకోగలిగితే? అప్పుడు ఏ ఊరు?

సూటిగా చెప్పాలంటే.. ఒక్కరోజే ఉంటే బీదర్. రెండు రోజులు దొరికితే వరంగల్. బస్సులోనే వెళ్లాలి, ఇంట్లో ఆడవాళ్లు ఎక్కువమంది ఉన్నారు అంటే మళ్లీ వరంగలే. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

రెండు ఊళ్లు.. ఒకే కథ

వరంగల్, బీదర్ చరిత్రలు వేర్వేరు అనుకుంటారు చాలామంది. నిజానికి ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సిన కథ ఇది. గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమదేవి, ఆమె మనవడు ప్రతాపరుద్రుడు ఓరుగల్లు కోట నుంచి తెలుగు నేలను ఏలారు. వెనిస్ నగరానికి చెందిన మార్కోపోలో తన యాత్రా వృత్తాంతంలో మోటుపల్లి రేవు ఉన్న రాజ్యాన్ని ఓ రాణి ఏలుతోందని రాశాడు. అక్కడి వజ్రాలను, సన్నటి బట్టలను మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారులు చెబుతారు.

1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయింది. 1347లో దక్కన్‌లో బహమనీ రాజ్యం పుట్టింది. మొదట గుల్బర్గా రాజధాని. 15వ శతాబ్దం మొదటి భాగంలో సుల్తాన్ అహ్మద్ షా రాజధానిని బీదర్‌కు మార్చాడు. ఓరుగల్లును బహమనీ రాజ్యంలో కలిపింది కూడా ఆయనే. అంటే వరంగల్‌లో ముగిసిన కథకు తర్వాతి భాగం బీదర్‌లో కనిపిస్తుంది.

ఇందూరు వాళ్లకు బీదర్ పరాయి ఊరు కూడా కాదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా నిజామాబాద్, బీదర్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేవి. బోధన్ చెరకు పొలాలను తడిపిన నిజాంసాగర్‌కు నీళ్లు మోసుకొచ్చే మంజీర బీదర్ జిల్లా మీదుగానే వస్తుంది. కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసేది ఆ నదే.

దూరం ఎంత? దారి ఏది?

బోధన్ నుంచి: బీదరే దగ్గర. బాన్సువాడ, పిట్లం, నారాయణఖేడ్ మీదుగా వెళ్తే 150 కిలోమీటర్ల లోపే. సొంత బండి ఉంటే ఉదయం బయల్దేరి రాత్రికి ఇంటికి రావచ్చు.

నిజామాబాద్ నుంచి: వరంగల్ దూరం 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆర్మూర్, జగిత్యాల, కరీంనగర్, హుజూరాబాద్ మీదుగా రోడ్డు. బీదర్ అంతకంటే తక్కువ. వర్ని వైపు నుంచి బాన్సువాడ చేరి పిట్లం దారి పట్టాలి.

సిరికొండ నుంచి: ఈ మండలం జిల్లాకు తూర్పు వైపున ఉంది కాబట్టి లెక్క మారుతుంది. భీమ్‌గల్, కమ్మర్‌పల్లి మీదుగా జగిత్యాల హైవే ఎక్కితే వరంగల్ దారి కలిసొస్తుంది. బీదర్‌కు పోవాలంటే ముందు నిజామాబాద్ వైపు వచ్చి జిల్లా మొత్తం దాటాలి. అందుకే బోధన్ వాళ్లకు ఉన్నంత తేడా సిరికొండ, ధర్పల్లి, భీమ్‌గల్ వాళ్లకు ఉండదు. వీళ్లు దూరాన్ని పక్కనపెట్టి, ఎన్ని రోజులు ఉన్నాయి, ఏం చూడాలని ఉంది అన్నది చూసుకుంటే చాలు.

రైలు సంగతి: నిజామాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా పెద్దపల్లికి రైల్వే లైన్ ఉంది. పెద్దపల్లిలో కాజీపేట వైపు వెళ్లే లైన్ కలుస్తుంది. రైళ్ల సంఖ్య తక్కువ కాబట్టి టైమింగ్స్ ముందే చూసుకోవాలి. బీదర్‌కు మాత్రం రైలు అంత కలిసిరాదు. సికింద్రాబాద్ వైపు చుట్టూ తిరిగి పోవాల్సిందే.

బస్సు ఖర్చు.. ఇక్కడే అసలు తేడా

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం అమల్లోకి వచ్చింది. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. రాష్ట్రంలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అంటే నిజామాబాద్ నుంచి కరీంనగర్, అక్కడి నుంచి హనుమకొండ, మళ్లీ ములుగు వైపు కూడా ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇంట్లోని ఆడవాళ్లకు బస్సు ఖర్చు సున్నా. సూపర్ లగ్జరీ లాంటి బస్సులకు ఇది వర్తించదు.

బీదర్ కర్ణాటకలో ఉంది. ఉచిత ప్రయాణం రాష్ట్ర సరిహద్దు వరకే. ఆ తర్వాత టికెట్ తీసుకోవాలి. కర్ణాటక శక్తి పథకం ఆ రాష్ట్ర మహిళలకే. నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి వెళ్తే ఈ తేడా బాగానే తెలుస్తుంది. కారు మాట్లాడుకుంటే మాత్రం దూరం తక్కువ కాబట్టి బోధన్, నిజామాబాద్ వాళ్లకు బీదరే చౌక.

వరంగల్‌లో ఏం చూడాలి?

వేయిస్తంభాల గుడి: హనుమకొండ నడిబొడ్డున ఉంది. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకేచోట గర్భగుడులున్న త్రికూటాలయం. నల్లరాతి నంది దగ్గర ఫొటో దిగనివాళ్లు ఉండరు. ఏళ్ల తరబడి విప్పి ఉంచిన కల్యాణ మండపాన్ని మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. పాతికేళ్లు కూడా నిండనివాళ్లు చాలామంది దీన్ని పూర్తి రూపంలో ఇప్పుడే చూస్తున్నారు.

ఓరుగల్లు కోట: రాష్ట్ర చిహ్నంలో కనిపించే కాకతీయ తోరణం ఇక్కడిదే. స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. గుడి కూలిపోయింది, తోరణాలు నిలబడ్డాయి. చుట్టూ విరిగిన స్తంభాలు, ఏనుగుల బొమ్మలు, చెక్కిన పైకప్పు రాళ్లు వరుసగా పేర్చి ఉంటాయి. పక్కనే ఖుష్ మహల్, కాస్త దూరంలో ఏకశిల గుట్ట. మట్టి గోడ, రాతి గోడ దాటి లోపలికి వస్తుంటేనే కోట ఎంత పెద్దదో అర్థమవుతుంది.

రామప్ప గుడి: ఇది వరంగల్ టౌన్‌లో లేదు. ములుగు జిల్లా పాలంపేటలో, హనుమకొండకు 65 నుంచి 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలంగాణ నుంచి ఆ గుర్తింపు పొందిన తొలి కట్టడం ఇదే. ఇసుక పునాది, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన గోపురం, స్తంభాల పైన నల్లరాతి మదనికలు.. వీటి కోసం దేశదేశాల నుంచి వస్తారు. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు ఈ గుడి శిల్పాల్లోని భంగిమలు ఆయనకు దారి చూపాయి.

చిక్కు ఇక్కడే ఉంది. నిజామాబాద్ నుంచి ఒక్కరోజు ట్రిప్ పెట్టుకుంటే రామప్పను వదిలేయాల్సి వస్తుంది. పోవడానికి నాలుగైదు గంటలు, రావడానికి అంతే. రామప్పకు పోయి రావడానికి మరో మూడు గంటలు. పొద్దుగూకేలోపు అన్నీ చూడటం కుదరదు. రామప్ప చూడకుండా తిరిగొస్తే వరంగల్ సగం చూసినట్టే. అందుకే రాత్రి హనుమకొండలో ఉండగలిగితేనే ఈ ఊరు పెట్టుకోవాలి.

బీదర్‌లో ఏం చూడాలి?

బీదర్ కోట: పీఠభూమి అంచున ఎర్రటి జంబిట్ట రాయితో కట్టారు. రాతిని తొలిచి చేసిన మూడు వరుసల కందకం ఈ కోట ప్రత్యేకత. లోపల గగన్ మహల్, తర్కష్ మహల్, తఖ్త్ మహల్, పదహారు స్తంభాల సోలా ఖంబా మసీదు ఉన్నాయి. అన్నింటిలోకీ రంగీన్ మహల్‌ను మిస్ కావద్దు. నల్లరాతిలో ముత్యపు చిప్పను పొదిగిన పని, చెక్కిన చెక్క స్తంభాలు చూస్తే కళ్లు తిప్పుకోలేరు. దానికి తాళం వేసి ఉండొచ్చు. వెనక్కి వచ్చేయకుండా కోటలోని పురావస్తు శాఖ సిబ్బందిని అడగాలి.

మహమూద్ గవాన్ మదర్సా: ఇరాన్ నుంచి వ్యాపారిగా వచ్చి బహమనీలకు ప్రధానమంత్రి అయిన మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మూడంతస్తుల విద్యాలయం. దేశదేశాల పండితులను, వేల పుస్తకాలను ఇక్కడికి చేర్చాడు. 1481లో తప్పుడు ఆరోపణ మీద సుల్తానే ఆయన్ను చంపించాడు. బహమనీ రాజ్యం ఆ తర్వాత కోలుకోలేదు. ఔరంగజేబు కాలంలో తుపాకీ మందు పేలి కట్టడం సగం కూలింది. రెండు మినార్లలో ఒకటే మిగిలింది. దాని మీద నీలం, ఆకుపచ్చ పింగాణీ పలకలు ఇప్పటికీ మెరుస్తుంటాయి.

అష్టూర్ సమాధులు: టౌన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య వరుసగా బహమనీ సుల్తానుల గుమ్మటాలు. అహ్మద్ షా సమాధి లోపలి రంగుల చిత్రాలు చూడదగ్గవి. హిందూ, ముస్లిం భక్తులిద్దరూ ఇక్కడికి వస్తారు. పక్కనే సగం పగిలిన హుమాయూన్ షా గుమ్మటం ఉంది. గోడ ఎంత మందంగా కట్టారో ఆ పగులులోంచి కనిపిస్తుంది.

గురునానక్ ఝీరా: నాందేడ్ గురుద్వారా చూసిన నిజామాబాద్ వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. గురునానక్ వచ్చినప్పుడు ఇక్కడ తీయటి నీళ్ల ఊట పుట్టిందని విశ్వాసం. తల మీద గుడ్డ కప్పుకుని లోపలికి వెళ్లాలి. లంగర్‌లో అందరికీ ఉచిత భోజనం. పిల్లలతో వెళ్లినవాళ్లకు మధ్యాహ్నం ఇంతకంటే మంచి చోటు దొరకదు.

బిద్రీ పని: జింక్, రాగి కలిపిన లోహంపై వెండి తీగ పొదిగి, పాత కోట మట్టితో నలుపు తెప్పించే కళ. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కారీగర్ల దుకాణాల్లో పని జరుగుతుండగానే చూడొచ్చు. చిన్న చెవి రింగుల నుంచి పెద్ద కూజాల దాకా దొరుకుతాయి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే..

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే వేయిస్తంభాల గుడి, రామప్ప రెండూ సులువే. ఎక్కువ నడక ఉండదు. దర్శనం కూడా అయిపోతుంది. భద్రకాళి గుడి, చెరువు గట్టు సాయంత్రానికి బాగుంటాయి. బీదర్ కోటలో మాత్రం ఎండలో చాలా నడవాలి, మెట్లు ఎక్కాలి. బీదర్‌లోని నరసింహ ఝరణిలో గుహ లోపల నడుము పైదాకా నీళ్లలో నడిచి దేవుణ్ని చూడాలి. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు దానికి దూరంగా ఉండటమే మంచిది.

బడికి వెళ్లే పిల్లలకు వరంగల్ ఎక్కువ పనికొస్తుంది. కాకతీయుల పాఠం పుస్తకంలో ఉంటుంది. తోరణం కింద నిలబడి చూస్తే ఆ పాఠం మర్చిపోరు.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రెండు ఊళ్లకూ మంచి కాలం. బీదర్ సముద్ర మట్టానికి 2,000 అడుగులకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి చలికాలం పొద్దున స్వెట్టర్ ఉండాలి. వానలు పడ్డాక వెళ్తే రామప్ప చెరువు నిండుగా ఉంటుంది, బీదర్ చుట్టూ పచ్చగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండింటినీ వదిలేయడమే మేలు. రాయి కాలుతుంది, నీడ దొరకదు.

ఒక జాగ్రత్త. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీద బండ్లు కదలవు. జాతరకే పోయేవాళ్లు సరే, రామప్ప చూడాలనుకునేవాళ్లు ఆ వారం మానుకోవాలి. పసుపు తవ్వకం, చెరకు కోత పనులు ఉన్న ఇళ్లవాళ్లకు దసరా సెలవులు అనువుగా ఉంటాయి.

ప్లాన్ ఇలా..

బీదర్, ఒక్కరోజు: తెల్లవారి 5 గంటలకు బయల్దేరాలి. ఎండ ముదరకముందే కోట. తర్వాత మదర్సా. మధ్యాహ్నం గురుద్వారాలో భోజనం. సాయంత్రం అష్టూర్. చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం.

వరంగల్, రెండు రోజులు: మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి ఓరుగల్లు కోట, సాయంత్రం భద్రకాళి గుడి. రాత్రి హనుమకొండలో బస. రెండో రోజు పొద్దున్నే రామప్ప. తిరుగు దారిలో వేయిస్తంభాల గుడి చూసుకుని కరీంనగర్ మీదుగా ఇంటికి.

ఇంతకీ ఎవరికి ఏది?

• ఒక్కరోజు, సొంత బండి, బోధన్ లేదా నిజామాబాద్: బీదర్
• రెండు రోజులు, సిరికొండ వైపు వాళ్లు: వరంగల్
• బస్సు ప్రయాణం, ఆడవాళ్లు ఎక్కువ: వరంగల్
• పెద్దవాళ్లు, గుళ్లు, దర్శనం: వరంగల్
• కోటలు, ఫొటోలు, కుర్రాళ్ల బ్యాచ్: బీదర్

తొలిసారి వెళ్లేటప్పుడు రెండూ ఒకే ట్రిప్పులో కలపాలని మాత్రం చూడొద్దు. ఒకటి తూర్పు, ఒకటి దక్షిణం. సగం సమయం రోడ్డు మీదే పోతుంది. ఈ సెలవులకు ఒకటి చూసి, వచ్చే సెలవులకు రెండోది పెట్టుకోవాలి. బయల్దేరే ముందు రోజు బస్సు, రైలు టైమింగ్స్, కోట తెరిచే వేళలు మరోసారి చూసుకోవాలి. గుర్తింపు కార్డు, నీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు.