కావలి పెళ్లికి

బండి ఆగింది.

రోడ్డు పక్కన చెట్టు. చెట్టు కింద బకెట్టు, చెంబు. ఖాకీ చొక్కా విప్పేసి, నేలమీద కూర్చుని నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటున్న మనిషిని చూసి దారినపోయేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. నిన్నమొన్నటిదాకా తెర మీద కృష్ణుడిగా కనిపిస్తే హారతులు పట్టిన జనం. ఇప్పుడా కృష్ణుడే నడిరోడ్డు పక్కన ఒళ్లు తోముకుంటున్నాడు. ఎవరికీ నోరు పెగల్లేదు.

స్టీరింగ్ దగ్గర ఇంకో మనిషి ఉన్నాడు. అటు ఎవరి చూపూ పోలేదు.

1982. మార్చి 29న హైదరాబాద్‌లో ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీ పేరు ప్రకటించారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. పార్టీ పుట్టింది గానీ ఊళ్లలో దానికి గడప లేదు. జనం దగ్గరికి తనే వెళ్లాలి. ఎలా? పాతకాలపు షెవర్లే వ్యాన్ ఒకటి దొరికింది. 1940 నాటి మోడల్. దాన్ని విప్పి, బాగుచేసి, పైకప్పు మీద నిలబడి మాట్లాడేలా వేదిక కట్టారు. మైకులు బిగించారు. నిద్ర అందులోనే. ఇప్పుడు షూటింగుల్లో క్యారవాన్ అంటున్నామే, దానికి ఇది తాత. నంబరు ఏబీఆర్ 7776. పేరు చైతన్య రథం.

రథం సిద్ధం. సారథి ఎవరు?

హరికృష్ణ. ఎన్టీఆర్ కొడుకు. పాతికేళ్లవాడు. చిన్నప్పుడు 'శ్రీకృష్ణావతారం'లో బాలకృష్ణుడి వేషం వేసినవాడు. తెర మీద వేషం అది. ఇది వేషం కాదు. గేరు వెయ్యాలి, గుంతలు తప్పించాలి, బండి మీదికి ఎగబడే జనంలో ఒక్క చెయ్యి, ఒక్క కాలు చక్రం కిందికి రాకుండా చూసుకోవాలి. పైన తండ్రి నిలబడి ఉన్నాడు. బ్రేకు మీద కాలు కాస్త గట్టిగా పడితే?

ఒంగోలు నుంచి పడమటికి పొదిలి దారి పడితే సముద్రపు గాలి వెనకబడిపోతుంది. నీళ్లు తగ్గుతాయి, రాయి పెరుగుతుంది. ఇంకాస్త పోతే మార్కాపురం పలకల గనులు, ఆపైన గిద్దలూరు, నల్లమల. అలాంటి మెట్టలోనైనా, కాలవలు పారే డెల్టాలోనైనా ప్రచారం సాగిన ఆ తొమ్మిది నెలలూ ఒకటే తీరు. సాయంత్రం అన్న మీటింగు అర్ధరాత్రి దాటినా మొదలు కాదు, అయినా జనం లేవరు, పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్న ఆడవాళ్లు, భుజాన కండువా ముఖానికి చుట్టుకున్న ముసలివాళ్లు, చెట్లెక్కిన కుర్రాళ్లు అందరూ చీకట్లోకే చూస్తూ ఉంటారు, ఎక్కడో దూరంగా రెండు లైట్లు కనబడగానే ఊరంతా ఒక్కసారి లేచి నిలబడుతుంది. ఆ లైట్ల వెనక నిద్ర చాలని కళ్లు హరికృష్ణవి.

బండి ఆగలేదు. డిసెంబర్‌లో బాలకృష్ణ పెళ్లి. కన్నకొడుకు పెళ్లికి తండ్రి వెళ్లలేదు. ప్రచారం వదిలి కదల్లేదు. 1983 జనవరి 5న పోలింగ్. 9న లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

వ్యాన్ నిలిచింది. డ్రైవింగ్ నిలవలేదు.

హరికృష్ణ తర్వాత ఎమ్మెల్యే అయ్యారు. రవాణా శాఖకే మంత్రి అయ్యారు. సినిమాల్లో 'సీతయ్య' అయ్యారు. రాజ్యసభకు వెళ్లారు, రాష్ట్ర విభజన వద్దని 2013లో ఆ పదవి వదిలేశారు. అధికారం వస్తూ పోతూ ఉంది. స్టీరింగ్ మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

కానీ రోడ్డు ఆ ఇంటి మీద పగబట్టినట్టే ఉంది. 2009 మార్చి 26. ఎన్నికల ప్రచారం చేసి తిరిగొస్తున్న హరికృష్ణ కొడుకు జూనియర్ ఎన్టీఆర్ కారు నల్గొండ జిల్లాలో మోతె దగ్గర ప్రమాదంలో పడింది. ప్రాణం దక్కింది. 2014 డిసెంబర్ 6. హరికృష్ణ పెద్దకొడుకు జానకిరామ్ కారు కోదాడ దగ్గర ట్రాక్టర్‌ను ఢీకొంది. దక్కలేదు. రెండూ ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే.

మూడోది ఇంకా ఉంది.

2018 ఆగస్ట్ 29. శ్రావణం, పెళ్లిళ్ల రోజులు. నెల్లూరు జిల్లా కావలిలో ఒక అభిమాని ఇంట్లో పెళ్లి. చెన్నై హైవే మీద ఊరు, తూర్పున కొద్ది కిలోమీటర్లలో తుమ్మలపెంట సముద్రం. హైదరాబాద్‌లో ఇంకా తెల్లవారలేదు. హరికృష్ణ ఫార్చ్యూనర్ డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఇంకో ఇద్దరు ఎక్కారు. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి అద్దంకి రోడ్డు పట్టారు. నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి, ఒంగోలు, ఆ తర్వాత కావలి. పొదిలి, దర్శి నుంచి హైదరాబాద్ తిరిగేవాళ్లలో చాలామందికి అలవాటైన రోడ్డే. పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. బండి సాఫీగా పోతుంది. అదే ప్రమాదం.

ఆరు దాటింది. నల్గొండ దగ్గర అన్నెపర్తి.

కారు డివైడర్‌ను కొట్టింది. ఎగిరింది. పల్టీలు కొట్టింది. సీటుబెల్టు లేదు. ఆయన బయటికి విసిరేసినట్టు పడ్డారు. జీవితమంతా రోడ్డు మీద గడిపిన మనిషి ఛాతీకి అడ్డంగా ఆ పట్టీ ఒక్కటి ఉండి ఉంటే అన్న మాట ఎన్నిసార్లు రాసినా తక్కువే. పరుగెత్తుకొచ్చినవాళ్లు నార్కట్‌పల్లి కామినేని ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టర్లు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఒకప్పుడు రథాన్ని రాష్ట్రమంతా తిప్పిన మనిషి గుండె వాళ్ల మాట వినలేదు.

ఇంకో నాలుగు రోజుల్లో ఆయనకు 62 నిండేవి.

వార్త పాకేసరికి కావలిలో పెళ్లిసందడి మీద పిడుగు పడింది. హైదరాబాద్‌లో ఇంటి ముందు జనం కిక్కిరిశారు. మర్నాడు ప్రభుత్వ లాంఛనాలతో జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో అంత్యక్రియలు. ఆలోపే ఒక ఉత్తరం బయటికొచ్చింది. అభిమానులకు ఆయనే రాసింది. సెప్టెంబర్ 2న నా పుట్టినరోజు చెయ్యొద్దు, ఫ్లెక్సీలూ దండలూ వద్దు, ఆ డబ్బు వరదల్లో కొట్టుకుపోయిన కేరళవాళ్లకు పంపండి అని దాని సారాంశం. కావలి పెళ్లివారికీ చేరాల్సిన ఉత్తరమే అది.