తెలుగునాట కేశాలంకరణ – జడసొమ్ములు: ఒక సామాజిక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కొప్పు, జడ, సవరం, జడసొమ్ములు మొదలైనవాటిని సాధారణంగా సౌందర్య ప్రసాధనాలుగానే పరిశీలించడం పరిపాటి. అయితే తెలుగు సమాజంలో స్త్రీ కేశాలంకరణ ఆమె వయస్సును, వైవాహిక స్థితిని, కుటుంబ స్థోమతను తెలిపే బహిరంగ చిహ్నంగా కూడా పనిచేసింది. ఈ చిహ్నవ్యవస్థ ఎట్లా రూపొందిందో, ఎవరిని అందులోనుంచి బహిష్కరించిందో, ఇరవయ్యో శతాబ్దిలో ఎట్లా సడలిందో శిల్ప, సాహిత్య, రంగస్థల ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కొప్పు, జడ, సవరం, జడసొమ్ములు, శిరోముండనం, భామాకలాపం, తలనీలాలు.

1. ఉపోద్ఘాతం

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అన్న సామెత తెలుగువారి నోట నేటికీ వినిపిస్తుంది. కలిగినవారికి అన్నీ చెల్లుతాయన్న అర్థంలో దీనిని వాడుతున్నప్పటికీ, ఇందులోని వాచ్యార్థమూ ఆలోచించదగినదే. ఏ కొప్పు పెట్టాలో ఎంచుకొనే అవకాశం ముందుగా జుట్టు ఉన్నవారికే ఉంటుంది. జుట్టు ఉండడం మాత్రం ప్రకృతి ఒక్కదాని చేతిలోనే లేదు. కొన్ని కులాలలో భర్త మరణించిన స్త్రీకి జుట్టు ఉంచుకొనే హక్కు సైతం ఉండేది కాదు. "రెండు కొప్పులు ఒక ఇంట ఇమడవు" అన్న మరో సామెతలో కొప్పు అంటే సంసార స్త్రీ అనే అర్థం స్థిరపడింది. ఒక కేశబంధం పేరు స్త్రీకే పర్యాయపదమైందంటే, ఆ సమాజం జుట్టుకు ఇచ్చిన ప్రాధాన్యం ఎంతటిదో గ్రహించవచ్చు.

2. పదసంపద చెప్పే చరిత్ర

సంస్కృత నిఘంటువైన అమరకోశం కేశబంధాలకు కబరి, ధమ్మిల్లం, వేణి వంటి వేర్వేరు పదాలను నమోదు చేసింది. తెలుగులో కురులు, ముంగురులు, క్రొమ్ముడి, తురుము, కీలుగంటు, కొప్పు, సిగ, ముడి, జడ అనే పదాలు వాడుకలోనో కావ్యభాషలోనో నిలిచాయి. వీటిలో కొన్ని విడిచిన జుట్టును, కొన్ని ముడిచిన జుట్టును, కొన్ని అల్లిన జుట్టును సూచిస్తాయి. ఈ భేదం కేవలం రూపానికి సంబంధించినది కాదు. కట్టిన జుట్టు గృహజీవన క్రమానికీ, విడిచిన జుట్టు దుఃఖానికీ, ఆగ్రహానికీ, పరాభవానికీ గుర్తుగా భావించారు.

ఈ భావానికి తెలుగు సాహిత్యంలో బలమైన ఉదాహరణ తిక్కన ఉద్యోగపర్వం. రాయబారానికి బయలుదేరుతున్న శ్రీకృష్ణునికి ద్రౌపది తన జుట్టు చూపి, దానిని పట్టి ఈడ్చిన సభను మరువవద్దని కోరుతుంది. సంధి ప్రయత్నాల నడుమ ఆ జుట్టు ఒక సాక్ష్యంగా నిలుస్తుంది. కేశం స్త్రీ గౌరవానికి ప్రతినిధి అన్న భావన 13వ శతాబ్ది తెలుగు శ్రోతలకు వివరణ అవసరం లేకుండానే అర్థమయ్యేదని ఈ ఘట్టం తెలుపుతుంది.

'సవరం' అనే పదం కూడా చరిత్రను మోస్తున్నది. చమరీమృగపు తోకను తెలిపే 'చమరము' నుంచి ఏర్పడిన ఈ మాట, క్రమంగా జుట్టుకు చేర్చి అల్లే కృత్రిమ కేశానికి పేరైంది. రాలిన వెంట్రుకలను గోడ సందులోనో చిన్న సంచిలోనో దాచి సవరంగా కట్టించుకోవడం, చిక్కు వెంట్రుకలను ఇచ్చి పిన్నీసులో సూదులో తీసుకోవడం గ్రామీణ జీవితంలో సాధారణ వ్యవహారాలు. ఒత్తైన జుట్టు ఆశించదగిన గుణమైన సమాజంలో, లేని జుట్టును సమకూర్చుకొనే ఏర్పాటు కూడా అంత సహజంగానే ఏర్పడింది.

3. శిల్ప, చిత్రకళా ఆధారాలు

అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలు తెలుగునాట కేశాలంకరణకు లభించే తొలి దృశ్య ఆధారాలలో ముఖ్యమైనవి. వీటిలో పురుషుల తలపాగాలు, ముందుభాగంలో ఎత్తుగా కనిపించే వాటి ముడులు ఎంత వైవిధ్యంతో ఉన్నాయో, స్త్రీల నుదుటి పట్టీలు, పాపట ఆభరణాలు, ముడులు కూడా అంత వైవిధ్యంతో ఉన్నాయి. తల అలంకారం ఆ కాలంలో స్త్రీలకే పరిమితం కాదని ఇవి స్పష్టం చేస్తున్నాయి.

రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన పాలంపేట రామప్ప దేవాలయంలోని మదనికల శిల్పాలు కాకతీయ యుగపు అలంకరణ అభిరుచిని తెలుపుతాయి. ఈ మూర్తులను నల్లరాతిలో చెక్కారు. విజయనగర కాలానికి చెందిన లేపాక్షి పైకప్పు చిత్రాలలో వివిధ రీతులలో ముడిచిన కొప్పులతో, పూలతో, నగలతో స్త్రీలు కనిపిస్తారు. పురుషుల తలలపై పొడవైన కుళ్లాయిలు ఉంటాయి. తిరుమల ఆలయంలోని శ్రీకృష్ణదేవరాయల లోహ విగ్రహంలోనూ ఇటువంటి కుళ్లాయినే చూడవచ్చు. సుమారు 1520లో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహానవమి ఉత్సవంలో అంతఃపుర పరిచారికలు ముత్యాల పూలు కూర్చిన ఎత్తైన కుళ్లాయిలు ధరించారని వర్ణించాడు. కుళ్లాయి పురుష వేషమన్న స్థూలాభిప్రాయాన్ని ఈ కథనం సవరిస్తున్నది.

అయితే ఈ ఆధారాలకు ఒక పరిమితి ఉంది. శిల్పాలలో, కుడ్యచిత్రాలలో కనిపించేవారు అధికభాగం దేవతలు, రాజస్త్రీలు, నర్తకులు, దాతలు. పొలంలో పనిచేసే స్త్రీ తన జుట్టును ఎట్లా ముడుచుకుందో ఇవి అరుదుగా చెబుతాయి.

4. జడసొమ్ముల నిర్మాణం

సంపూర్ణమైన జడ అలంకారంలో ఒక్కొక్క ఆభరణానికి ఒక్కొక్క స్థానం నిర్దేశించబడింది. పాపట వెంబడి గొలుసుతో నుదుటిపైకి వేలాడేది పాపటబిళ్ల. పాపటకు ఇరువైపులా ఉంచేవి సూర్యవంక, చంద్రవంక. చెవి కమ్మల బరువును జుట్టుకు పంచేవి చెంపసరాలు. నడినెత్తికి వెనుకగా అమర్చే గుండ్రని సొమ్ము రాగిడి. జడ మొదట్లో పడగవిప్పిన పాము ఆకారంలో ఉండేది నాగరం. అక్కడినుంచి దిగువకు క్రమంగా పరిమాణం తగ్గుతూ వచ్చేవి జడబిళ్లలు లేదా చేమంతిబిళ్లలు. చివర పట్టుదారంతో కట్టేవి జడకుప్పెలు లేదా జడగంటలు.

ఈ క్రమంలో అలంకారంతోపాటు ప్రయోజనమూ ఉంది. జడబిళ్లల వెనుక ఉండే ఉంగరాలను, కొక్కేలను అల్లికలోకి చొప్పించడం వల్ల బరువు జడ పొడవునా సర్దుకుంటుంది. కుప్పెల బరువు జడను నిటారుగా నిలుపుతుంది. పలుచని రేకుతో చేసిన సొమ్ములలో లక్క నింపడం వల్ల తక్కువ బంగారంతో నిండైన ఆకారం సాధ్యమయ్యేది. జడ పొట్టిగా ఉన్నవారికి సవరమే ఈ సొమ్ములన్నింటికీ ఆధారం.

బంగారం లేని ఇళ్లలో ఆ స్థానాన్ని పూలు భర్తీ చేశాయి. మల్లె, కనకాంబరం, చేమంతి, మరువం, దవనం, మొగలిరేకులతో కుట్టే పూలజడ ఇందుకు నిదర్శనం. పూలజడలోని వరుసలు జడబిళ్లల వరుసను అనుసరిస్తాయి. సొమ్ము లేకున్నా దాని రూపాన్ని దక్కించుకోవడం ఇందులో కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాలలోని లంబాడా స్త్రీల కేశాభరణాలు మరొక సంప్రదాయానికి చెందినవి. చెంపల పక్కన జుట్టులో అల్లి వేలాడదీసే టోప్లీ, ఘుగ్రీలు వివాహితకు గుర్తులు. ఆభరణాలు వేరైనా, వైవాహిక స్థితిని జుట్టుపై ప్రకటించే సూత్రం ఇక్కడా పనిచేస్తున్నది.

5. జుట్టు నిరాకరించబడినవారు

పెళ్లికాని పిల్లకు జడ, సంసార స్త్రీకి ముడి లేదా కొప్పు అనే విభజన అనేక కుటుంబాలలో ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం వరకు కొనసాగింది. ఈ వరుసలో మూడవ స్థితి వైధవ్యం. ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాలలో భర్త మరణించిన స్త్రీకి శిరోముండనం చేయించి, పూలు, కుంకుమ, రంగు చీరలు నిషేధించేవారు. అనేక ఇతర కులాలలో ముండనం లేకపోయినా పూలు ముడవడం మాత్రం కూడదనేవారు. బాల్యవివాహాల కారణంగా ఈ స్థితి పసివయస్సులోనే సంభవించేది. ముండనం ఒక్కసారితో ముగిసేది కాదు. జుట్టు పెరిగినప్పుడల్లా పునరావృతమయ్యే శిక్ష అది.

వితంతు పునర్వివాహానికి 1856లోనే చట్టబద్ధత లభించినా, తెలుగునాట ఆచరణలోకి రావడానికి పాతికేళ్లు పట్టింది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. సంస్కరణోద్యమ చరిత్రలో ఈ ఘటనను వివాహ హక్కు కోణంలోనే ఎక్కువగా చర్చించారు. దానితోపాటు ఆ స్త్రీకి మళ్లీ తల దువ్వుకొని పూలు ముడుచుకొనే హక్కు కూడా దక్కిందన్నది గమనించవలసిన విషయం. పొరుగున మహారాష్ట్రలో 1890లో నారాయణ మేఘాజీ లోఖండే చొరవతో బొంబాయి క్షురకులు వితంతువులకు ముండనం చేయబోమని ప్రకటించారు. ఈ ఆచారాన్ని నిలిపిన వృత్తి సంబంధాన్నే వారు ప్రశ్నించారు.

6. జడను కాపాడినవారు

సంపూర్ణ జడ అలంకారం నేటిదాకా నిలవడానికి కళారంగం ముఖ్య కారణం. నిత్యసుమంగళిగా భావించబడిన దేవదాసీ, కళావంతుల స్త్రీలకు వైధవ్యం లేదు. అందువల్ల జడసొమ్ములు వారి వృత్తిలోనూ, దైనందిన గౌరవంలోనూ భాగమై నిలిచాయి. కులస్త్రీకి భర్త మరణంతో తొలగే అలంకారం వీరికి జీవితాంతం ఉండేది. అయితే ఆ గౌరవం వెనుక కుటుంబ జీవితాన్ని నిరాకరించిన వ్యవస్థ ఉంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం ఆ వ్యవస్థకు స్వస్తి చెప్పింది. వారి అలంకార సంప్రదాయం మాత్రం శాస్త్రీయ నృత్య వేదికపైకి తరలింది.

రెండవ సంరక్షకులు కూచిపూడి భాగవతులు. సిద్ధేంద్రయోగికి ఆపాదించే భామాకలాపంలో సత్యభామ జడ ఒక ప్రత్యేక పాత్ర వంటిది. తెరపైనుంచి జడను వేయడం ప్రేక్షకులలోని పండితులకు విసిరే సవాలుగా ప్రసిద్ధి. తనను ఓడించగలవారుంటే జడను కోసి ఇస్తాననడం ఆ సవాలులోని పణం. ఆ జడపైనున్న నాగరం, సూర్యచంద్రులు మొదలైన చిహ్నాలకు కళాకారులు తాత్త్విక వ్యాఖ్యానాలు చెబుతారు. వేదాంతం సత్యనారాయణశర్మ వంటి పురుష కళాకారులే ఈ పాత్రకు ప్రసిద్ధులు. ఒకవైపు అగ్రహారాలలో వితంతువుల జుట్టు తొలగిస్తున్న కాలంలోనే, మరొకవైపు అదే సామాజిక వర్గానికి చెందిన పురుషులు రంగస్థలంపై స్త్రీ జడను విద్యాగర్వానికి పతాకగా ఎగురవేశారు. ఈ రెండు వాస్తవాలను కలిపి చదవకుండా జడ చరిత్ర సమగ్రం కాదు.

7. ఆధునిక పరిణామాలు

ఆంగ్ల విద్య వ్యాప్తితో పురుషుల పిలక, సిగ స్థానంలో క్రాపు ప్రవేశించింది. పురుషునిలో ఈ మార్పు ఉద్యోగ, విద్యా చిహ్నంగా త్వరలోనే ఆమోదం పొందింది. బాబ్డ్ హెయిరు పెట్టుకొన్న స్త్రీని మాత్రం సినిమాలు, పత్రికల వ్యంగ్యచిత్రాలు చాలాకాలం పరిహాసానికి వాడుకున్నాయి. బాలికల పాఠశాలలు రెండు జడలు, రిబ్బన్లను ఏకరూప దుస్తులలో భాగం చేశాయి. 1970 ప్రాంతంలో వాణిశ్రీ ఎత్తైన కొప్పులు సామాన్య కుటుంబాల స్త్రీలకు అనుకరణీయమైనాయి. బాపు బొమ్మలోని వాలుజడ తెలుగుదనానికి ప్రతీకగా స్థిరపడింది. ఈ ప్రతీక బలపడుతున్న దశాబ్దాలలోనే నిత్యజీవితంలో వాలుజడ తగ్గుతూ వచ్చింది.

జడసొమ్ముల స్థానంలో పిన్నులు, స్లైడ్లు, రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ క్లిప్పులు వచ్చాయి. వీటికి కులం, వైవాహిక స్థితి లేవు. బాలిక, గృహిణి, ఉద్యోగిని, భర్త లేని స్త్రీ ఒకే క్లిప్పును వాడవచ్చు. చవకైన ఈ వస్తువు సౌందర్య దృష్టితో చూస్తే జడబిళ్లకు సాటి కాకపోవచ్చు. సామాజిక దృష్టితో చూస్తే అది స్త్రీ జుట్టుపై ఉన్న బహిరంగ లిఖితాన్ని చెరిపివేసింది.

మరోవైపు జడసొమ్ములు వేడుక వస్తువులుగా పునరుజ్జీవం పొందాయి. మచిలీపట్నం సమీపంలోని చిలకలపూడి రోల్డుగోల్డు నగలు బంగారు సొమ్ముల రూపాన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చాయి. పెళ్లి, సీమంతం, ఓణీల వేడుకలకు జడలు అద్దెకు దొరుకుతున్నాయి. ప్రవాసాంధ్రుల ఇళ్లలోనూ పూలజడ ఫోటో ఒక ఆనవాయితీ అయింది.

జుట్టు అంతర్జాతీయ సరుకుగా మారడం ఈ పరిణామంలో మరొక పార్శ్వం. తిరుమల కల్యాణకట్టలో భక్తులు స్వచ్ఛందంగా సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అవి విగ్గులుగా, కృత్రిమ కేశాలుగా విదేశాలకు చేరుతాయి. భారతీయ ఆలయాలలో సమర్పించిన జుట్టుతో చేసిన విగ్గులు మతరీత్యా నిషిద్ధమని 2004లో ప్రముఖ యూదు మతగురువులు తీర్పునివ్వగా, న్యూయార్కు సహా పలుచోట్ల విగ్గులను తగులబెట్టారు. వివాహిత తన జుట్టును కప్పుకోవాలన్న యూదు నియమం, మొక్కుగా జుట్టును విడవాలన్న తెలుగు భక్తురాలి విశ్వాసం ఒకే వెంట్రుకపై ఢీకొన్న సందర్భమిది. ఒకనాటి ఇంటి సవరం నేడు ఖండాంతర వాణిజ్యమైంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. తెలుగునాట కేశాలంకరణ సౌందర్యాభిరుచికి మాత్రమే కాక స్త్రీ సామాజిక స్థితికీ సూచికగా పనిచేసింది. సంపూర్ణ జడ అలంకారాన్ని వధువు, కళావంతుల స్త్రీ, స్త్రీవేషధారి అయిన పురుషుడు తమతమ కారణాలతో నిలిపారు. ఆ అలంకారానికి అర్థం కల్పించిన వ్యవస్థే వితంతువుకు జుట్టును నిరాకరించింది. నిత్యజీవితంలో జడసొమ్ముల తిరోధానాన్ని కేవలం సంప్రదాయ క్షీణతగా భావించడం అందువల్ల సమంజసం కాదు. రాగిడి, నాగరం, కుప్పె వంటి మాటలు, వాటి పనితనం అంతరించడం మాత్రం నిజమైన నష్టమే. ఇళ్లలో మిగిలిన సొమ్ములు కరిగిపోకముందే వాటి పేర్లను, కొలతలను, ధరించే పద్ధతులను, వాటితోపాటు ధరించడానికి అర్హత లేదనిపించుకొన్న స్త్రీల జ్ఞాపకాలను జిల్లాలవారీగా సేకరించవలసి ఉంది. సొమ్ము జాబితాలో ఎక్కి, అది తీసివేయించబడిన స్త్రీ మాట ఎక్కకపోతే ఆ సేకరణ సగమే అవుతుంది.